ముద్దాయి: నోట్ల కట్ట

అమెరికాలో సివిల్ ఫార్ఫీచర్, అంటే మనిషిపై నేరం మోపకుండానే అతని సొత్తును నేరసాధనమని అనుమానించి ప్రభుత్వపరం చేసుకునే విధానం, ఏకంగా సొత్తునే బోనెక్కిస్తుంది గనుక, నెబ్రాస్కా రహదారిపై కూలర్‌లో అల్యూమినియం రేకు చుట్టి దొరికిన 1,24,700 డాలర్లు స్వయంగా ప్రతివాదిగా నిలిచి, కారులో మత్తుమందు రవ్వంతైనా దొరకకపోయినా, 2006లో అప్పీలు కోర్టులో ఓడిపోయాయి. వాటిపై సాక్ష్యాల్లో పోలీసు కుక్క ముక్కు కూడా ఒకటి. యజమాని మాత్రం సాధారణంగా వకీలును సొంత ఖర్చుతోనే పెట్టుకోవాలి, జప్తు కాగా ఏమైనా మిగిలితే. ఇండియానాలో గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లయిన మత్తుమందు కేసులో పోలీసులు 42,000 డాలర్ల కారును పట్టుకుపోగా, మితిమీరిన జరిమానాలపై రాజ్యాంగ నిషేధం రాష్ట్రాలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పవలసి వచ్చింది. 2013లో పట్టుబడిన ఆ కారు యజమాని చేతికి తిరిగి వచ్చింది 2020లో.