నెబ్యులారావు అమావాస్యలు

నెబ్యులారావు పంచాంగం కొన్న రోజున వాళ్ళమ్మ మురిసిపోయింది. అతను చూసేది అమావాస్యలు మాత్రమే. పౌర్ణమి అంటే అతనికి మైల. దీపావళి మీద తీరని కోపం: అంత చక్కటి చీకటి రాత్రిని ఊరంతా కలిసి పొగపెట్టి పాడుచేస్తుందని. శివరాత్రికి మాత్రం ఇంట్లో అతన్ని మించిన భక్తుడు లేడు. తెల్లవార్లూ జాగారమే, కాకపోతే డాబా మీద.

హైదరాబాదులో ఇలా చీకటి రాత్రుల్లో ఆకాశాన్ని ఫోటోలు తీసే బాపతు వాళ్ళు ఇప్పుడు అక్కడక్కడా తగులుతున్నారు. మనవాడి ఇలవేల్పు గుర్రపుతల నెబ్యులా. ఓరియన్ నడుము మీది మూడు చుక్కల్లో తూర్పు కొసదాని పక్కన, దాదాపు 1,400 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నల్లటి ధూళిమేఘం. 1888లో హార్వర్డ్ వాళ్ళు తీసిన ఫోటో పలక మీద విలియమినా ఫ్లెమింగ్ దాన్ని పట్టుకుంది. వెనకాల హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతుంటేనే ఆ నలుపు గుర్రమవుతుంది. ఆ 656.3 నానోమీటర్ల ఎరుపును తప్ప దేన్నీ రానివ్వని ఫిల్టరు కొన్నాడు. దాని ధర ఇంట్లో చెప్పింది ఒకటి, కార్డు బిల్లులో ఉన్నది ఒకటి.

అసలు పేచీ ధ్రువుడితో. చుక్కల వెంట టెలిస్కోపు తిరగాలంటే దాని ఇరుసు ధ్రువానికి గురిపెట్టాలి. ధ్రువ నక్షత్రం ఇక్కడ సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. సరిగ్గా అక్కడే ఎదుటి అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు. పెళ్ళిలో అరుంధతి కనిపించినట్టు పురోహితుడి మాట మీద తలూపేయొచ్చు గానీ, ఇక్కడ అలా కుదరదు.

అయిదేసి నిమిషాల ఫోటోలు తీస్తూ పోతాడు. ఫోటోలో గరుకుగా కనిపించే నాయిస్ సగానికి తగ్గాలంటే నాలుగింతలసేపు తియ్యాలి. ఒక్క గుర్రానికి చలికాలమంతా ఖర్చు. ఆపైన డార్కులు: సెన్సరు తనంతట పుట్టించే మచ్చలు లెక్కతేల్చడానికి, మూత పెట్టి మరీ తీసే ఫోటోలు. మంచినీళ్ళు తెచ్చిన అమ్మ "మూత తియ్యడం మర్చిపోయావురా" అని చెయ్యి పెట్టబోతే కెవ్వున అరిచాడు. తెల్లారాక ఫ్లాట్లు. గొట్టం మూతికి తెల్ల బనియను తొడిగి ఆకాశానికేసి తీస్తాడు, లోపలి దుమ్ము మరకల్ని చెరపడానికి. అది చూసిన పక్కింటి పిన్నిగారు అప్పట్నుంచీ బట్టలు బాల్కనీలోనే ఆరేస్తున్నారు.

ఇక ప్రాసెసింగ్. అన్నీ ఒకదాని మీద ఒకటి స్టాక్ చేసి తెరిస్తే కటిక నలుపు. హిస్టోగ్రామ్ సాగదీస్తే గుర్రం. ఇంకాస్త సాగదీస్తే మునిసిపాలిటీ వీధిదీపాలు. నెలల తరబడి లాగి, తగ్గించి, రంగులద్ది, చివరికి ఫ్రేము కట్టించి మావయ్యకు చూపించాడు.

"గుర్రం పక్కకి పడుకుందేంట్రా?"

"ఉత్తరం పైకి ఉండాలి మావయ్యా. అదీ పద్ధతి."

"ఉత్తరం సంగతి తర్వాత చూద్దాం. ముందు దాన్ని లేపు."