పిగిలిపిట్టను పిగిలిపిట్ట అనండి

మొన్న ఎండాకాలంలో మా బాల్కనీలో వేలాడే కుండీలో ఒక పిట్ట గూడు కట్టింది. నల్లటి తల, నెత్తిన చిన్న కుచ్చు, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. మనవడు ఫోను ఎత్తిపట్టి, "తాతా, రెడ్ వెంటెడ్ బుల్‌బుల్ అట" అన్నాడు. "కాదు బిడ్డా, పిగిలిపిట్ట" అన్నాను. కోకాపేటలోనే పుట్టి పెరిగిన పిల్లవాడు ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాడు.

మా రోజుల్లో కోకాపేట అంటే జొన్న చేలు, కంది సాళ్లు, బండల మధ్య సీతాఫలం చెట్లు, గండిపేట చెరువు మీది గాలి. పిట్టల పేర్లు మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, పనితోపాటే వచ్చాయి. కంకుల మీద వాలితే పిచ్చుకలు, వాటిని తోలాలి. ఎడ్ల వీపున కూర్చుంటే పసులపోలిగాడు, దాన్ని తోలొద్దు, పురుగులు తింటుంది. నాగలి వెంట నడిస్తే గోరింక. ఈతమట్టలకు గూళ్లు వేలాడితే గిజిగాడు.

ఇక పిగిలి. బలుసుపండ్లు పండాయని అందరికన్నా ముందు దానికే తెలిసేది. అది ఏ పొద మీద ముసిరితే మా పరుగు ఆ పొదకే. అది పండు తిని రెట్ట వేసిన చోటల్లా మొక్క లేచేది. మా గట్ల మీద సగం పచ్చదనం అది నాటిందే. గడ్డి కోసేటప్పుడు దాని గొంతు మారి గోలగోలగా అరిచిందంటే మా అవ్వ చెయ్యి పట్టుకుని ఆపేది. "పిగిలి మొత్తుకుంటుంది, పామున్నట్టుంది, ఆగు" అనేది. ఆ పేరు తెలియడమంటే ఇవన్నీ తెలియడం. ఇప్పుడు పిల్లల నోట అన్నీ 'బర్డ్'లే. ఆ ఒక్క మాటతో ఏ పొదా తెలియదు, ఏ పామూ తెలియదు.

ఫోను చెప్పిన పేరు గొప్పదనుకుంటారు. పారశీక కవుల బుల్‌బుల్ వేరే పిట్ట, ఇంగ్లీషువాళ్లు నైటింగేల్ అనేది దాన్నే. అందుకే మన హైదరాబాద్ ఆడబిడ్డ సరోజినీ నాయుడు ఇంగ్లీషులో నైటింగేల్, ఉర్దూలో బుల్‌బులే హింద్ అయింది. తెలుగువాళ్లం మాత్రం మన చెట్టు మీద కూసేదాన్ని తీసుకుని భారత కోకిల అన్నాం. ఆ పరాయి పిట్ట పేరే మన పిగిలికి తగిలించారు. శాస్త్రం పెట్టిన పేరు ఇంకా విచిత్రం. 1766లో ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ దాన్ని దక్షిణాఫ్రికా పిట్ట అనుకుని, ఆ అర్థంలో 'కేఫర్' అని రాశాడు. ఆ పొరపాటు ఈనాటికీ పుస్తకాల్లో అలాగే ఉంది. మూడు పేర్లలో ఈ నేల మీద పుట్టింది పిగిలి ఒక్కటే. మనం వదులుకున్నదీ దాన్నే.

మద్రాసు సైన్యంలో డాక్టరైన జెర్డన్ 1862-64 మధ్య పక్షుల గ్రంథం అచ్చువేసినప్పుడు, చాలా పిట్టలకు మనవాళ్ల నోటి మాట అడిగి తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. పిగిలిపిట్టా అందులో ఉంది. పరాయివాడికి ఉన్న శ్రద్ధ మనకు లేకపోయింది.

పేరుతో ఏమొస్తుందని అడిగేవాళ్లకు కడప సీమలోని కలివికోడి అనే పిట్టను చూపిస్తాను. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదనీ, అంతరించిందనీ పండితులు తేల్చారు. ఆ ఊళ్ల జనం మాత్రం దాన్ని పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నారు. 1986 జనవరిలో అది దొరికింది ఐతన్న అనే పల్లెటూరి వేటగాడి చేతికి. దాని పేరు జనం నోట బతికి ఉంది కనుకనే వెతకడానికి దారి దొరికింది.

2023 ఆగస్టు భూముల వేలంలో మా ఊళ్లో ఎకరం 100.75 కోట్లు పలికింది. బలుసు పొదలు పోయాయి, బండలు పగిలాయి. అయినా పిగిలి ఊరు విడిచిపెట్టలేదు. కుండీలో మూడు గుడ్లు పెట్టింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు "రెట్టలు పడుతున్నాయి, ఆ బర్డ్ గూడు తీయించండి" అని రాశారు. గూడు జోలికి పోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని బదులిచ్చాను. నా మనసులో ఉన్నది మాత్రం చట్టం కాదు. పిగిలి అని పిలిచిన నోటితో ఎవరూ గూడు తీయించండి అనలేరు.

పిగిలి సముద్రం కూడా దాటింది. ఫిజీ చెరకు తోటలకు 1903లో మద్రాసు రేవు నుంచి తెలుగువాళ్లతో సహా దక్షిణాది కూలీల ఓడలు మొదలయ్యాయి. ఈ పిట్ట ఆ దీవులకు చేరింది కూడా కూలీల వెంట, ఆ రోజుల్లోనే అంటారు. సముద్రం దాటిపోయేవాళ్లు పిట్టను వెంట తీసుకుపోయారు. ఊళ్లో ఉన్న మనం పేరును కూడా నిలుపుకోలేకపోయాం.

మా పార్కులో పక్షుల బొమ్మల కింద ఇంగ్లీషు పేర్లు రాశారు. వాటి పక్కన తెలుగు పేర్లూ రాయమని అడిగాను, మళ్లీ అడుగుతాను. పిట్టపిల్లలు గూడు వదిలి ఎగిరిన రోజు మనవడు గుసగుసగా, "తాతా, పిగిలి పోయింది" అన్నాడు. బర్డ్ అనలేదు.