ఆనకట్ట తప్ప అందరూ నేరస్థులే

చేపకు ఈత రాదని కనిపెట్టిన ఘనత అమెరికా సైన్యానిది. ఆ సైన్యంలోని ఇంజనీర్ల విభాగం 1970ల నుంచీ స్నేక్ నదిలో సాల్మన్ పిల్లల్ని పట్టి, లారీల్లోకీ బార్జీల్లోకీ ఎక్కించి, 400 కిలోమీటర్లకు పైగా మోసుకెళ్లి, కొలంబియా నది మీది బానవిల్ ఆనకట్టకు దిగువన వదిలిపెడుతోంది. నదిలో పుట్టిన చేప అదే నది మీద పడవెక్కి సముద్రానికి పోతుంది. అత్తారింటికి వెళ్లే పిల్లకు కూడా ఇన్ని లాంఛనాలు జరగవు.

ఇంత సేవ ఎందుకంటే, దారిలో ఎనిమిది ఆనకట్టలున్నాయి. కొలంబియా మీద నాలుగు, స్నేక్ దిగువన మరో నాలుగు: ఐస్ హార్బర్, లోయర్ మాన్యుమెంటల్, లిటిల్ గూస్, లోయర్ గ్రానైట్. స్నేక్ మీదివి 1962, 1975 మధ్య లేచాయి. అంతకుముందు మంచు కరిగి వచ్చే వరదే ఆ పిల్లల్ని సముద్రంలో పడేసేది. ఇప్పుడక్కడ నది లేదు, వరసగా చెరువులున్నాయి. నీళ్లు నిలిచి ఎండకు కాగుతాయి. 2015 వేసవిలో ఆ వేడికి తాళలేక రెండున్నర లక్షల దాకా సాకై సాల్మన్లు చచ్చిపోయాయి.

అంతమాత్రాన ఆనకట్టను అనుమానిస్తామా? పెద్దమనిషిని వదిలేసి వీధిలో దొరికినవాళ్లందర్నీ స్టేషన్‌కు లాక్కొచ్చారు.

మొదటి ముద్దాయి పైక్‌మిన్నో. సాల్మన్ పిల్లల్ని తినడం ఈ చేపకు తాతలనాటి అలవాటు. నిలవ నీళ్లు దొరికేసరికి దానికి మరీ పండగైంది. అందుకని దాని తలకు వెల కట్టారు. పట్టి తెచ్చినవాడికి చేపకింత అని డబ్బు. ఒక్క సీజన్లో లక్ష డాలర్లు దాటించిన మొనగాళ్లున్నారు. ఆనకట్ట మేపుతుంది, కరెంటు బిల్లు కట్టేవాడి డబ్బు చంపుతుంది. ఉపాధి హామీ అంటే ఇదీ.

రెండో ముద్దాయి నీటికాకి. కొలంబియా సముద్రంలో కలిసేచోట ఈస్ట్ శాండ్ అనే లంకలో గూళ్లు కట్టుకుని బతికేది. 2015 నుంచి వేలాది నీటికాకుల్ని కాల్చారు, గూళ్లలోని గుడ్లకు నూనె పట్టించారు. మిగిలినవి లేచిపోయి, కాస్త ఎగువన ఆస్టోరియా వంతెన మీద కాపురం పెట్టాయి. లంక దగ్గర సముద్రపు చేపలు కూడా దొరికేవి. ఇక్కడ సాల్మన్ పిల్లలే దిక్కు. కాబట్టి ఇప్పుడు ఒక్కో పక్షి వాటిని మునుపటికంటే ఎక్కువ తింటోంది. రెట్టలతో వంతెన ఇనుమూ పాడవుతోంది. పథకం విజయవంతమైందనడానికి ఇంకేం కావాలి?

మూడోది సీ లయన్. సముద్రం నుంచి తిరిగొచ్చిన సాల్మన్లు పైకెక్కే మెట్లు వెతుక్కుంటూ బానవిల్ గోడ కింద గుమిగూడతాయి. సీ లయన్‌కు అది వడ్డించిన విస్తరి. విస్తరి వేసినవాడి జోలికి ఎవరూ పోలేదు. తిన్నదాని వీపు మీద మాత్రం కాల్చిన ఇనుముతో నంబర్లు వేశారు. 2008లో చంపడానికి అనుమతిచ్చారు, 2018లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ అనుమతిని ఇంకా సులువు చేసింది.

మరి అసలు ముద్దాయి? 2004లో బుష్ ప్రభుత్వం ఒక శాస్త్రీయ అభిప్రాయం వెలువరించింది. ఆనకట్టలు ఎప్పట్నుంచో అక్కడున్నవే, వాటి ఉనికి వల్ల జరిగే నష్టం లెక్కలోకి రాదని దాని సారాంశం. అంటే కొండలతోపాటు కాంక్రీటునూ బ్రహ్మదేవుడే సృష్టించాడన్నమాట. జేమ్స్ రెడెన్ అనే ఫెడరల్ జడ్జి మరుసటేడు దాన్ని కొట్టేశారు. పురాణజ్ఞానం లేని మనిషి.

ఇడాహో కొండల్లో, సముద్రానికి 1,400 కిలోమీటర్లకు పైగా దూరాన రెడ్‌ఫిష్ అనే సరస్సుంది. ఎర్రని సాకైల వల్లే దానికా పేరు. 1992లో అక్కడికి తిరిగొచ్చిన సాకై ఒకే ఒక్కటి, అదీ మగది. దాని వీర్యం తీసి దాచి, ఒంట్లో గడ్డి కూరి ప్రదర్శనకు పెట్టారు. మన పులసకు ఇంత వైభవం లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దాకా ఎదురీది వస్తే వేలకు వేలు పోసి పులుసు పెట్టేస్తాం. పడవ ఎక్కించాలన్న పాపపు ఆలోచన మనకెన్నడూ రాలేదు.

కాలిఫోర్నియా, ఓరెగాన్ సరిహద్దులో మాత్రం కొందరు తొందరపడ్డారు. క్లమాత్ నది మీద నాలుగు ఆనకట్టల్ని 2024 కల్లా పీకేశారు. ఆ అక్టోబరులోనే చినూక్ సాల్మన్లు తమ జాతి వందేళ్లకు పైగా చూడని ఎగువ పాయల్లోకి వెళ్లిపోయాయి. లారీ లేదు, డ్రైవరు లేడు, బిల్లు లేదు. ఇలాంటి క్రమశిక్షణారాహిత్యాన్ని ప్రోత్సహిస్తే అధికారులేం తిని బతకాలి?

స్నేక్ మీద ఆ ప్రమాదం ప్రస్తుతానికి తప్పింది. ఆనకట్టలు పోతే సముద్రం నుంచి దాదాపు 750 కిలోమీటర్లు లోపలికున్న లూయిస్టన్ రేవు నుంచి గోధుమ పడవలు ఆగిపోతాయని రైతుల బెంగ. అది ఉత్తి బెంగ కాదు, నిజమే. అందుకే వాళ్లకు రైలు, కరెంటుకు ప్రత్యామ్నాయం, నష్టపరిహారం అన్నీ కలిపి 3,350 కోట్ల డాలర్ల ప్రతిపాదనను 2021లో ఇడాహో రిపబ్లికన్ మైక్ సింప్సన్ స్వయంగా ముందుపెట్టారు. సొంత పార్టీవాళ్లే మొహం చాటేశారు. సాల్మన్లను కాపాడేందుకు 2023లో బైడెన్ ప్రభుత్వం అక్కడి ఆదివాసీ తెగలతో చేసుకున్న ఒప్పందాన్ని 2025 జూన్‌లో ట్రంప్ రద్దుచేశారు.

అనుమానితుల్లో ఇంకా పట్టుబడనిది పసిఫిక్ మహాసముద్రం. ఆనకట్టల తరఫువాళ్లు ఇప్పటికే దాని పేరు చెబుతున్నారు, అది వేడెక్కుతున్న మాటా అబద్ధం కాదు. నంబరు ఎక్కడ కాల్చాలన్నదే చిక్కు.