చదివితే ఏటీ రాదు

మా ఊరి గురుభక్తులకొండ మీది బౌద్ధ విహారం గురించి చదువుదామని ఫోను తెరిస్తే, కొన్నాళ్లుగా నాకు మోకాళ్ల నొప్పుల తైలం దొరుకుతోంది గానీ బుద్ధుడు దొరకడం లేదు. తైలాన్ని తోసేస్తే భోగాపురం విమానాశ్రయం పక్కన ప్లాట్లు. అవీ తోసేసి, ‘అలెగ్జాండర్ రే దొర తవ్విస్తే బయటపడిన’ దాకా వచ్చానో లేదో, పళ్లపొడి ఆఫరు. దొర తవ్వింది పళ్లపొడి కోసమేనేమో!

ప్రతి ప్రకటనకీ మూలన ఇంటూ మార్కు ఉంటుంది. ఉంటుందంటే, వెంటనే ఉండదు. ముందు అయిదు, నాలుగు, మూడు అని లెక్క. ఆనక తెల్లటి గోడ మీద తెల్లటి సున్నంలా ప్రత్యక్షమవుతుంది. అదైనా ఒక్కటి కాదు. ఒకటి అసలుది, ఇంకోటి బొమ్మలో గీసినది. దొంగ ఇంటూ నొక్కితే ‘సార్, సైటు విజిట్‌కి కారు పంపమంటారా?’ అని ఫోను. సరే, అసలు ఇంటూకే గురిపెడదామంటే, వేలు దిగే లోపు పేజీ గభాలున కిందికి జారుతుంది. ఏడు తాటిచెట్లని ఒక్క బాణంతో కూల్చిన రామస్వామి మా ఊరి గుళ్లోనే ఉన్నాడు. ఆయన చేతికి ఒక్కసారి ఈ ఫోనిచ్చి చూడాలని ఉంది.

ఈ ప్రకటనల తెగులుకి మూలపురుషుల్లో ఒకడు ఈథన్ జుకర్‌మన్. ఏదో బూతు పేజీ మీద తమ ప్రకటన పడిందని ఓ కార్ల కంపెనీ గింజుకుంటే, ప్రకటనని విడదీసి వేరే కిటికీలో తెరిపించాడు. 2014లో లోకానికి క్షమాపణ చెప్పాడు. క్షమాపణకి మాత్రం ఇంటూ మార్కు అక్కర్లేకపోయింది. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే వెబ్‌సైటులో వచ్చిన తొలి బ్యానరు ప్రకటనని నూటికి 44 మంది నొక్కారంటారు. పాపం, మోజు మీద నొక్కినవాళ్లు. ఇప్పుడు మనం నొక్కేది వేలు జారి.

మా మేనల్లుడికీ ఒక సైటుంది. డబ్బెలా వస్తుందిరా అంటే చెప్పాడు: “వెయ్యిసార్లు కనబడితే ఇంత మావయ్యా, నొక్కితే ఇంత. మన లింకు మీంచెళ్లి ఎవడైనా కొంటే కమీషను.”

“మరి చదివితే?”

“చదివితే ఏటీ రాదు.”

ఇందులో ‘నొక్కితే ఇంత’ ఒక్కటే మా అక్క చెవిన పడింది. సొంత ప్రకటనలు నొక్కకూడదు, నొక్కమని ఎవర్నీ అడగకూడదు అన్న నిబంధన పడలేదు. “మా గుంటడికి డబ్బులొస్తాయట, నొక్కండర్రా!” అని వీధి వీధంతా నొక్కించింది. ప్రకటనల సంస్థవాళ్లు చెల్లని క్లిక్కులని తేల్చి ఖాతా మూసేశారు. తల్లిప్రేమకి వాళ్ల లెక్కల్లో కాలమ్ లేదు.

నవ్వుతున్నాను గానీ, ఆ కుర్రాడు దుర్గకొండ గుహలో జైన విగ్రహాలకి ఫొటోలు తీసి, రాత్రుళ్లు కూర్చుని రాశాడు. సైట్లకి ప్రకటనలిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుని చేర్చుకున్నదే 2018లో. అందులో వంద డాలర్లు పోగయ్యేదాకా పైసా చేతికి రాదు. ఒకప్పుడు కథ అచ్చయితే పత్రికవాళ్లు మనియార్డరు పంపేవారు, ఎంత చిన్నదైనా. ఇప్పుడు మనం చందా కట్టం, పత్రిక కొనం, ప్రకటన కనబడితే తిడతాం. మరి ఆ రాత్రుళ్లకి కూలి ఎవరివ్వాలి? ప్లాట్లవాడే ఇస్తున్నాడు, వాడికి తెలియకుండానే.

మేనల్లుడు మరో సంస్థకి దరఖాస్తు పెట్టాడు. సైటు దొరికితే చదవండి, నచ్చితే నలుగురికీ చెప్పండి. మా అక్కకి మాత్రం చెప్పకండి.