గేమింగ్ బీస్ట్: సటీకం, సతాత్పర్యం

మూలము: ఐ సెవెన్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, ఆర్జీబీ క్యాబినెట్, ఫ్యూచర్ ప్రూఫ్ గేమింగ్ బీస్ట్, 32,999 మాత్రమే.

అవతారిక: నల్లగొండ సీమయందు, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టున, హాలియా అను పట్టణము కలదు. అచ్చట యాసంగి వడ్లు తూకమై, ఐకేపీ సెంటర్ పైసలు ఖాతాలో పడిన కొద్ది దినములకే రైతు కుమారుని ఫోనులో పై వాక్యము వాట్సాప్ ద్వారమున అవతరించును. కుమారునకు సీఎస్‌ఈ సీటు వచ్చియుండును. రాకున్నను వచ్చునని ఇంటిల్లిపాదికి నమ్మకము. "చదువుకు కంప్యూటర్ కావాలె నాయినా" అని వాడనును. గేమింగ్ అను పదమును వాడు తండ్రికి చదివి వినిపింపడు. బీస్ట్ అను పదము తండ్రికి అక్కరలేదు. వాక్యకర్త ఎవరో తెలియదు. కర్త తెలియని చాటువులనన్నిటిని శ్రీనాథునకు అంటగట్టుట తెలుగువారి ఆచారము. మేమా పని చేయము. దుకాణము పేరును చెప్పము.

ప్రతిపదార్థము: ర్యామ్, క్యాబినెట్ ఇత్యాదులు స్పష్టములు. కష్టమైన చోట "స్పష్టము" అని దాటిపోవుట, సులభమైన చోట రెండు పుటలు నింపుట టీకాకారుల పద్ధతి. అది మాకును ఇష్టమే. కాని ఐ సెవెన్ దగ్గర ఆగక తప్పదు. ఆగితే గ్రాంథికం నిలవడం లేదు, కోపం వస్తున్నది.

ఇంటెల్ కంపెనీ మొదటి ఐ సెవెన్‌ను 2008 చివర అమ్మింది. ఆ తర్వాత పదిహేనేండ్లు అదే పేరు మీద తరం వెనుక తరం దించింది. కాబట్టి ఒట్టి "ఐ సెవెన్" అంటే వంశం పేరే తప్ప మనిషి పేరు కాదు. రఘువంశంలో దిలీపుడూ ఉన్నాడు, చివరి సర్గలో భోగాల్లో పడి చెడిన అగ్నివర్ణుడూ ఉన్నాడు. రఘువంశపు రాజు అని మాత్రం చెప్పి పిల్లనడిగితే ఏ తండ్రయినా ముందు సర్గ సంఖ్య అడుగుతాడు. అంగట్లో ఎవరూ అడగరు. పైగా ఇంటెల్ వంశంలో వరస తలకిందులు: ముందు సర్గల వాళ్లే అగ్నివర్ణులు.

పక్కింటి పిలగాణ్ని అడిగిన, "ఏ తరంది బిడ్డా?" అని. "తరమేంది సారూ, ఐ సెవెనే. ఐ త్రీ కంటే నాలుగు ఎక్కువ." లెక్క తప్పులేదు. వాడు కొనబోతున్న పెట్టెలో సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిపిస్తే ఐ సెవెన్ 4770 అని పడ్డది. నాలుగంకెల్లో మొదటిది తరం: నాలుగో తరం, 2013 నాటిది. ఎక్కడో ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన ప్రాసెసర్. పెట్టె మీది స్టిక్కర్ మాత్రం నిగనిగలాడుతున్నది, అంచు కూడ లేవలేదు. 2022లో వచ్చిన ఐ త్రీ 12100ను దీని పక్కన పెడితే ఆటల్లో ఐ త్రీయే గెలుస్తుంది. రెండింటికీ నాలుగేసి కోర్లే. పన్నెండో తరంవి వేగంగా పనిచేస్తాయి, అంతే తేడా.

4 జీబీ గ్రాఫిక్స్: ఇది శ్లేష. కార్డు పేరు జీటీ 730. 2014లో వచ్చింది. ఆ ఒక్క పేరు మీద మూడు రకాల కార్డులు అమ్మారు. డీడీఆర్3 మెమరీతో 64 బిట్ దారి ఉన్న రకంలో సెకనుకు 14.4 జీబీ డేటా నడుస్తుంది. జీడీడీఆర్5 రకంలో 40 జీబీ. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కీ 4 జీబీయే, కాని దాంట్లో సెకనుకు 128 జీబీ నడుస్తుంది. 14.4కూ 128కీ మధ్య తేడా ప్రకటనలో ఎక్కడుంది? ఎక్కడా లేదు, 4 అని ఉంది. ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఇంకో శ్లేష కాచుకొని ఉంటుంది: ఆర్టీఎక్స్ 4060 అన్న ఒకే పేరు మీద 35 వాట్ల దగ్గర నడిచేదీ 115 వాట్ల దగ్గర నడిచేదీ రెండూ దొరుకుతాయి. వాట్లు డబ్బా మీద రాయరు. జీటీఎక్స్ 970 అన్న కార్డుకు 4 జీబీ అని చెప్పి, చివరి అర జీబీ నత్తనడక అని తేలినప్పుడు, 2016లో ఎన్విడియా అమెరికాలో కొన్నవాళ్లకు కార్డుకు ముప్పై డాలర్ల లెక్కన ఇవ్వడానికి ఒప్పుకున్నది. హాలియా సెంటర్‌లో నిలబడి ఆ సంగతి చెప్తే "అది అమెరికా సారూ" అన్నారు.

విశేషము: ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. మన తెలంగాణ నేల వ్యాఖ్యానాలకు పెట్టింది పేరు. మెదక్ సీమలోని కొల్చారం వాడు కోలాచల మల్లినాథసూరి. రఘువంశానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష రాసిండు. ఆయన లేకపోతే కాళిదాసు సగం మందికి అందకపోను. కిరాతార్జునీయం రాసిన భారవి మాట కొబ్బరికాయ వంటిదనీ, తాను దాన్ని కొట్టి నీళ్లు తాగిస్తాననీ చెప్పుకున్నవాడు. ఆయన టీక మొదట్లో రెండు మాటలు ఇచ్చిండు: ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను. ఈ రెండు షరతులు మన మూలానికి పెడితే మిగిలేది ధర ఒక్కటే. ఆయన కొడుకు కుమారస్వామి, కాకతీయ ప్రతాపరుద్రుని పేర విద్యానాథుడు రాసిన అలంకార గ్రంథానికి వ్యాఖ్య రాసి "రత్నాపణం" అని పేరు పెట్టిండు. ఆపణమంటే అంగడి. రత్నాల అంగడి తెరిచి ఒక్క రత్నం కూడ తరం చెప్పకుండా అమ్మలేదు.

ఇటు రాచకొండ గుట్టల మీద రేచర్ల సింగభూపాలుడు రాజ్యం చేస్తూనే రసార్ణవసుధాకరం రాసిండు. సర్వజ్ఞుడని బిరుదు. రాజై ఉండి, రసాల్ని, నాయకుల్ని, నాయికల్ని తరగతులుగా విడదీసి కూర్చున్నడు. ఈ రోజు ఆ గుట్టల కింది నుంచి హైదరాబాద్ పోయే పిలగాళ్లకు ఎన్విడియా కార్డుల వర్గీకరణ కంఠస్థం, టీఐ ఎక్కడ, సూపర్ ఎక్కడ, టీఐ సూపర్ ఎక్కడ అన్నది నాయికాభేదాల కన్నా వేగంగా చెప్తారు. తప్పు పట్టను. నాకు అందులో ముచ్చటే ఉంది. వర్గీకరణ నేర్చుకున్నవాడు కొనేటప్పుడు మాత్రం స్టిక్కర్ చూస్తాడు, అదే నా బాధ.

అసలు నేను చెప్పదలచింది అన్నంభట్టు గురించి. 17వ శతాబ్దపు తెలుగువాడు. తర్కసంగ్రహం రాసిండు, ఇప్పటికీ న్యాయదర్శనంలో అడుగుపెట్టేవాడు ఆ పుస్తకంతోనే మొదలుపెడతాడు. మాటల గుంపు వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలన్నడు. ఆకాంక్ష లేనిదానికి ఆయన చూపిన ఉదాహరణ: ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అనడం. ఒక మాటకు ఇంకో మాట అక్కర లేదు, కాబట్టి అర్థం పుట్టదు. ఇప్పుడు మూలం మళ్లీ చదవండి. ఐ సెవెన్, 16 జీబీ, 4 జీబీ, 500 వాట్స్, బీస్ట్. చివర ఏనుగు కూడ ఉంది. క్రియ లేదు.

యోగ్యత లేనిదానికి ఆయన ఉదాహరణ నిప్పుతో తడపడం. మంచి ప్రాసెసర్‌కు జీటీ 730 తగిలించడం గానీ, 170 వాట్లు తాగే ఆర్టీఎక్స్ 3060కి కరెంటు అందించడానికి ఈ ఎస్‌ఎంపీఎస్ పెట్టడం గానీ ఆ కోవలోనివే. ఎస్‌ఎంపీఎస్‌ను చేతిలోకి తీసుకొని చూసిన. లేబుల్ మీద 500 వాట్స్ అని పెద్దగా ఉంది, 80 ప్లస్ ముద్ర లేదు, డబ్బా తేలిగ్గా లేచింది, జాలీలోంచి చూస్తే లోపల సగం ఖాళీ. పక్క రేకు విప్పితే ఫ్యాన్ రెక్కల మీద మెత్తటి బూడిదరంగు పొర. కల్లాలూ రైస్ మిల్లులూ ఉన్న ఊళ్లో ఆ పొర నెలకోసారి వస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే జిల్లాలో రంగురంగుల లైట్ల కంటే ముందు గాలి పోయే జాలీ, తీసి కడుక్కునే ఫిల్టర్ కావాలి. ఆర్జీబీ: స్పష్టము.

సన్నిధి లేకపోవడమంటే మాటకూ మాటకూ మధ్య జాములు గడవడం. "ఇప్పుడు పెట్టె తీస్కపో, కార్డు దసరాకు వేసుకుందువు" అంటారే, అది. 2025 చివర నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎక్కడికో లేచినయ్. ఈ దసరాకు కొనాలనుకున్న ముక్క వచ్చే దసరాకు అదే ధరకు ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

అన్వయము: పూర్వులది రెండు పద్ధతులు. దండాన్వయంలో మాటల్ని వరసగా పేర్చుకుపోతారు. దుకాణాల వాళ్లది ఇదే. ఖండాన్వయంలో క్రియను ముందు పట్టుకొని, ఎవరు, ఏమి, ఎక్కడ అని ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క మాట లాగుతారు. మా పక్కింటి పిలగాని మీద రెండోది ప్రయోగించిన.

"ఆడుతవు. ఏం ఆడుతవు?"

"బీజీఎంఐ సారూ."

"అది ఫోన్ల ఆడేది గదా."

"వాలరెంట్ గూడ నేర్చుకుంట. జీటీఏ ఫైవ్ గూడ."

"ఏ తెర మీద?"

"మా మామ ఇచ్చిన మానిటర్ ఉంది. 60 హెర్ట్జ్."

"చదువుకు?"

ఇక్కడ కొంచెం ఆగిండు. "సీ, పైథాన్ అంట సారూ."

ఇంక అన్వయం దానంతటదే నడుస్తుంది. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 బొమ్మలే చూపుతుంది; కంప్యూటర్ 200 తయారుచేసినా మిగిలినవి కళ్లదాకా రావు. వాలరెంట్ పెద్ద కార్డు అడిగే ఆట కాదు, కాని విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే తలుపు తీయదు. జీటీఏ ఫైవ్ పీసీకి వచ్చింది 2015లో; అప్పుడు దాని తయారీదారులు సిఫారసు చేసిన కార్డు 2012 నాటి జీటీఎక్స్ 660. సీ, పైథాన్‌లకు కార్డే అక్కర లేదు. రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్ తీసుకుంటే గ్రాఫిక్స్ దాని లోపలే ఉంటుంది, ఇప్పటికి వేరే కార్డు లేకుండా గడుస్తుంది. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్క కాకుండా 8, 8గా రెండు ముక్కలు వేయించాలి. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు దారులుంటే ఆట కళ్లకు తెలిసేంత నునుపుగా నడుస్తుంది. వ్యాకరణంలో దీన్ని ద్వంద్వం అంటారు, దుకాణంలో "రెండెందుకు, ఒకటే వేసుకోండి" అంటారు. పైసలు మిగిలితే మంచి ఎస్‌ఎంపీఎస్ మీదా, కరెంటు పోతే నిలబడే యూపీఎస్ మీదా పెట్టాలి. రేపు కార్డు వేయాలన్న బుద్ధి పుడితే ఆ ఎస్‌ఎంపీఎస్సే యోగ్యత.

ఫ్యూచర్ ప్రూఫ్: భవిష్యత్ అర్థమునందు భూతకాల ప్రయోగము. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో మామూలుగా ఎనిమిదో తరం నుంచి పైవాటినే అధికారికంగా ఒప్పుకుంటుంది. నాలుగో తరం పెట్టెకు రావలసిన భవిష్యత్తు ఆ తేదీనే వచ్చి వెళ్లిపోయింది. వాలరెంట్ దాని మీద విండోస్ 11తో నడవదు. అది కూడ ఆ పిలగాడు ఆడతానన్న ఆటే.

మాత్రమే: ఈ పదం దగ్గర పిలగాని తండ్రి మొదటిసారి నోరు విప్పిండు. 2025-26లో ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 32,999 అంటే పద్నాలుగు క్వింటాళ్లకు కొంచెం తక్కువ. ఆయన ఆ లెక్క వేళ్ల మీద వేసేసిండు, నేను కాగితం వెతుక్కుంటుండగానే. "బిల్లు ఇస్తరా?" అని అడిగిండు. పక్కా బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ వేరే అన్నరు. అంటే 38,939. పద్నాలుగు క్వింటాళ్లు పదహారు దాటినయ్. బిల్లు లేకపోతే వారంటీ ఎట్లా అని నేను అడిగిన, ఈసారి గ్రాంథికం లేకుండా, గట్టిగానే.

దుకాణదారు నన్ను చూడలేదు. తండ్రి భుజం మీద చెయ్యి వేసిండు. "బిల్లెందుకే అన్నా, నేను లేనా?"

ఈ వాక్యంలో ఆకాంక్ష ఉంది, యోగ్యత ఉంది, సన్నిధి ఉంది, క్రియ కూడ ఉంది. వారంటీ కార్డు లేదు.