సైజు పెరిగింది, కుట్లు పెరగలేదు

పెళ్లి ముహూర్తాలొచ్చాయంటే మఠంపల్లి నుంచి హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ దాకా ‘కంప్యూటర్ వర్క్’ బోర్డుల కింద ఆడవాళ్లు బ్లౌజు ముక్కలతో నిలబడతారు. లోపలున్న మహానుభావుడు పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు. నెమలి కావాలా? ఉంది. ఏనుగుల వరుసా? ఉంది. బ్యాక్ నెక్‌కు చిన్నదవుతుందేమో అన్నారా? ‘పెంచేద్దాంలేమ్మా!’ ఒక్క నొక్కు. అయిపోయింది. నెమలీ అయిపోయింది, బ్లౌజూ అయిపోయింది.

తీరా ఇంటికొచ్చాక చూస్తే ఈకల సందుల్లోంచి గుడ్డ పళ్లికిలిస్తుంది. ఇదేంటని అడిగితే దారం మంచిది కాదంటాడు. గుడ్డ పల్చనంటాడు. కరెంటు ఎగుడుదిగుడంటాడు. ఆ నొక్కిన వేలు మాత్రం పరమ పవిత్రం!

లెక్క చూద్దామా? దుకాణాల్లో తిరిగే డీఎస్‌టీ ఫైలు బొమ్మ కాదు. సూది ఎక్కడెక్కడ దిగాలో చెప్పే చిట్టా. అందులో ఈక ఉండదు, కన్ను ఉండదు, చివరికి రంగూ ఉండదు. పది సెంటీమీటర్ల నెమలికి 20,000 కుట్లనుకోండి. దాన్ని పదిహేనుకు లాగారు. వైశాల్యం రెండుంపావు రెట్లయింది. కుట్లు? అవే 20,000. వరసల మధ్య 0.4 మిల్లీమీటర్లున్న సందు 0.6 అయింది. సగానికి కుదిస్తే ఇంకా ఘోరం. అవే కుట్లు పావు వంతు చోటులో కిక్కిరుస్తాయి. సూది దారం మీదే దిగుతుంది. దారం తెగుతుంది, సూది విరుగుతుంది, గుడ్డ ముడతలు పడుతుంది. మఠంపల్లి మండలంలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా! గోడ రెండింతలైనా అదే బస్తాతో కానివ్వమని అక్కడి మేస్త్రీతో అని చూడండి. తాపీ ఎత్తుతాడు.

పైగా ‘డిజైను పెద్దదమ్మా, రేటు పెరుగుతుంది.’ ఏం పెరిగింది నాయనా? కుట్లు పెరగలేదు. పెరిగింది బిల్లు.

మందు లేని రోగమా ఇది? ఆస్ట్రేలియా వాళ్ల విల్‌కామ్ సాఫ్ట్‌వేర్‌లో ఈఎంబీ ఫైలుంటుంది. అందులో బొమ్మ ఆకారాలుగా ఉంటుంది కాబట్టి సైజు మారిస్తే కుట్లను మళ్లీ లెక్కగడుతుంది. కొనే స్తోమత లేదా? ఇంక్/స్టిచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. చేతిలో డీఎస్‌టీ ఒక్కటే ఉందా? నూటికి పది, మహా అయితే ఇరవై దాటకు. అదీ అసలు ఫైలు నుంచే. మార్చిందాన్నే మళ్లీ మళ్లీ సాగదీయకు. శాటిన్ కుట్టు ఏడు మిల్లీమీటర్లు దాటిందా? గాజులకు తగులుకుని లేచిపోతుంది, ఫిల్లింగ్‌గా మార్చు. పెళ్లికూతురి పేరు చిన్నది కావాలా? ఉన్నదాన్ని కుదించకు, ఆ సైజులో అక్షరాలు కొత్తగా వెయ్యి. ముందు ఓ పనికిరాని ముక్క మీద వేసి చూడు. ఇదేమన్నా బ్రహ్మవిద్యా? కాదు. మరెందుకు చేయరు? పోయేది మీ గుడ్డ కనుక!

ఇక వందల రూపాయలకే వేల డిజైన్లమ్మే ఘనులు. కట్టగట్టి ఇచ్చేవి కుట్టు చిట్టాలే. ఆకారాలున్న అసలు ఫైలు అడగండి, మౌనవ్రతం పడతారు. మిషన్ అమ్మినవాడో? కొబ్బరికాయ కొట్టేదాకా ‘మేడం, మేడం’. తర్వాత ఫోనెత్తడు.

సర్కార్లు ఊరుకున్నాయా? లేదే! 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ తెచ్చింది. 18 వృత్తుల్లో దర్జీ పనీ ఉంది. వారం లోపు ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000. భేష్! పదిహేను సూదుల కంప్యూటర్ మిషన్ లక్షల్లో ఉంటే ఆ 15,000తో ఏం కొనాలి? ఫ్రేములా? ఆ కాస్త శిక్షణలో కుట్ల సాంద్రత గురించి చెప్పేదెవరు? ఫొటోకు నిలబెట్టడానికే సగం పూట చాలదు! రాష్ట్రమేమో కోటి మంది మహిళలను కోటీశ్వరులను చేస్తానంటుంది. మాట సైజు బ్రహ్మాండం. కుట్లెన్ని సారూ?

సరే, పెద్దల సంగతి ఎలాగూ తేలేది కాదు. మీరు దుకాణంలో మాత్రం ఇదొక్కటి అడగండి: ‘సైజు మార్చక ముందు కుట్లెన్ని? మార్చాక ఎన్ని?’ రెండంకెలూ తెర మీదే కనబడతాయి. రెండూ ఒకటేనా? ‘మీకెందుకమ్మా అవన్నీ’ అన్నాడా? ముక్క వెనక్కి లాక్కుని బయటికి నడవండి. అడ్వాన్సు కూడా అడిగి తీసుకోండి.