నీళ్ల కూలి: ఒక గోనెసంచి ఆత్మకథ

బెంగాల్‌లో జనపనార మొక్కగా పెరిగాను. కోసి కట్టలు కట్టి రోజుల తరబడి నీళ్లలో నానబెడితే కాండం నుంచి నారగా ఊడివచ్చాను. హుగ్లీ ఒడ్డున మిల్లులో సంచిగా నేశారు. నీళ్లతో నా సావాసం సంచిని కాకముందు నుంచే ఉంది.

తిండిగింజలకు జనపనార సంచులు వాడాలన్న 1987 నాటి చట్టం పుణ్యమా అని నాలాంటి వాళ్లకు పనికి కొదవ లేదు. నేను దిగింది రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలంలోని ఒక వడ్ల కొనుగోలు కేంద్రంలో. 40 కిలోల వడ్లు నింపి, మూతి కుట్టి, లారీ ఎక్కించారు. రైసుమిల్లులో ఖాళీ అయ్యాక పాత సంచుల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను కొన్నవాడు సిమెంటు బొమ్మలు చేసే సుతారి మేస్త్రి. నిలువునా కోసి పరిచి చూశాడు. తెల్లవార్లూ తొట్టిలో నానబెట్టి, గోధుమరంగు నీళ్లు పోయేదాకా పిండాడు. ఉతకని గోనె కొత్త సిమెంటు మీద మరక దింపుతుంది. నా పక్కనున్న చక్కెర సంచిని మాత్రం ముట్టుకోలేదు. చక్కెర తగిలితే సిమెంటు సరిగ్గా గట్టిపడదు.

ఈ మండలంలో మేస్త్రికి చేతినిండా పని. మాన్వాడ దగ్గర మానేరు నదికి అడ్డంగా కట్టిన మధ్యమానేరు జలాశయంలో సుమారు 27 టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్ల కోసం కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు ఇళ్లూ గుళ్లూ వదులుకున్నాయి. కొత్త కాలనీలు లేచాయి. కాలనీ అన్నాక పోచమ్మ గుడి ఉండాలి, గుడికి కమాను ఉండాలి, కమానుకు అటొకటి ఇటొకటి ఏనుగులు ఉండాలి. అన్నీ ఆరుబయటే. ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీల దాకా కాస్తుంది. మధ్యాహ్నం వడగాడ్పు. పగుళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఒక కాలనీలో ఏనుగుల పని మొదటి నుంచీ దగ్గరుండి చూశాను. ముందు సలాకలు వంచి చట్రం కట్టాడు. దాని చుట్టూ కోళ్ల జాలీ చుట్టి, బైండింగ్ వైరుతో బిగించాడు. కడుపు డొల్లగా వదిలేశాడు. ఒకచోట జానెడు మందం, ఇంకోచోట రెండు వేళ్ల మందం ఉంటే, ఆరేటప్పుడు రెండూ ఒకే తీరున కుంచించుకుపోవు. ఆ రెండూ కలిసిన చోట పర్రె వాస్తుంది. ఒకపాలు సిమెంటుకు మూడుపాళ్లు కడిగిన ఉసికె కలిపాడు. 50 కిలోల బస్తాకు 20, 22 లీటర్లు దాటకుండా నీళ్లు కొలిచి పోశాడు. ఎక్కువ పోస్తే తాపీ జారుగా నడుస్తుంది, సుతారికి సుఖం. కానీ ఆ ఎక్కువ నీళ్లు ఆవిరై వెళ్లిపోయినంత మేరా బొమ్మ కుదించుకుపోతుంది.

పూత కూడా ఒక్కసారే మెత్తలేదు. తొలిపూత వేసి, మేకుతో అడ్డదిడ్డంగా గీట్లు పెట్టాడు. మలిపూతకు ముందు దాన్ని తడిపాడు. పొడిగా ఉన్న పాత పూత కొత్తదానిలోని నీళ్లు తాగేస్తుంది, రెండూ అతకవు. చెక్కుడు పూత తెల్లవారుజామునే మొదలైంది. దక్షిణం, పడమర దిక్కుల ఆకుపచ్చ పరదా కట్టారు. బొటనవేలితో నొక్కితే దిగకుండా సొట్ట మాత్రం పడే అదును చూసి, చిన్న ఇనుప ఆకుతో కుంభస్థలం మీద లతలు తీయసాగాడు.

పక్కన పనివాడు గుప్పెడు పొడి సిమెంటు తీసి ఏనుగు నుదుటిమీద చల్లబోయాడు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందిరా, పొడి జల్లుతున్నవ్?"

"చెమ్మ గుంజుకుంటది గదా అన్నా. నున్నగ వస్తది."

"ఇయ్యాల నున్నగనే ఉంటది. నెల తిరిగేసరికి జాలీ లెక్క నెర్రెలు బాస్తది. పైన ఒట్టి సిమెంటు తోలు ఉంటే అది లోపలిదానికంటె ఎక్కువ ముడుసుకుంటది. చెమ్మ దానంతటదే గుంజాలె, ఆగు."

ఆగడం. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అది నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. నీళ్లు అందకపోతే ఉన్నచోటే ఆగిపోతుంది. పూత పచ్చిగా ఉన్న తొలి గంటల్లో ఎండా గాలీ కలిసి పైనీటిని లాగేస్తే, లోపలి నీరు పైకి అందేలోపే పైపొర చీలుతుంది. చదరపు మీటరు నుంచి గంటకు కిలో నీరు ఆవిరైపోతుంటే ప్రమాదమని ఇంజనీర్ల లెక్క. మన వడగాడ్పుకు ఆ లెక్క దాటడం పెద్ద పని కాదు.

నా వంతు ఆ తర్వాత. తొందరపడి కప్పితే నా నేత అచ్చు ఏనుగు మొహాన పడుతుంది. అందాకా స్ప్రేతో మంచులాగా నీళ్లు చిమ్మారు. వేలిముద్ర పడనంత గట్టిపడ్డాక నన్నూ నా తోటి గోనెలనూ తడిపి, తొండం నుంచి తోకదాకా చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పారు. నన్ను ఎవరైనా నమ్మదలిస్తే తడిసి ఉన్నప్పుడే నమ్మాలి. ఎండిన గోనె బొమ్మమీద ఉండటం కంటే అసలు లేకపోవడమే మేలు. అది బొమ్మలోని చెమ్మనే పీల్చుకుంటుంది. పొద్దున తడిపి, మధ్యాహ్నం ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ తడిపితే లాభం లేదు. కాలిన ఒంటిమీద చల్లటి బోరునీళ్లు గుమ్మరించినా పైపొర ఝల్లుమని బిగుసుకుని చిట్లుతుంది. తడి ఆరకుండా ఉండటమే అసలు మందు.

ఎన్నాళ్లు? మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులని ఐఎస్ 456 ప్రమాణం. పొడి ఎండల్లో 10. బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు అదే ఎండల్లో 14. ఇప్పుడు ఊళ్లలో దొరికేది ఎక్కువగా ఆ పీపీసీయే.

ఊరి పెద్ద వచ్చాడు. "ముహూర్తం దగ్గర వడ్డది, రంగు ఎప్పుడేస్తవ్ మేస్త్రీ?"

"గోనె తీసినంక ఆరనియ్యాలె పటేలా. అప్పుడే రంగు."

"ఊరంత జూసేది ఏనుగులను. గోనె గప్పుకోని నిలవడ్తె ఎట్ల?"

మేస్త్రి ఇంకో ఊరికి పనిమీద పోయిన పూట, ఫ్లెక్సీ తాళ్లు అడ్డం వస్తున్నాయని కుడివైపు ఏనుగు మీది గోనె ఎవరో విప్పేశారు. నేను ఎడమ ఏనుగు మీద ఉండిపోయాను. ఒకే మాలు, ఒకే చెయ్యి, ఒకే ఎండ. వానాకాలం దాటేసరికి కుడి ఏనుగు వీపున వెంట్రుక మందం నెర్రెలు లేచాయి. రంగు వేసి కప్పారు. రంగు కింద నీళ్లు దిగుతూనే ఉన్నాయి. నీళ్లు జాలీని చేరితే ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమించి, లోపలి నుంచి పెచ్చు లేపుతుంది. తడి కరువైన నాడు పుట్టిన పగులు, తడి వచ్చిన నాడు పెద్దదవుతుంది.

నా చేతిలో లేని పగుళ్లూ ఉన్నాయి. పది మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. వేములవాడ పక్కన నాంపల్లి గుట్టమీద పడగ విప్పిన పెద్ద పాము కట్టడం ఉంది. దాని లోపల ప్రహ్లాదుడి కథ బొమ్మలు ఉంటాయి. అంత పొడవు పనులకు ఎంత తడి పట్టినా సరిపోదు. సాగడానికి సందు వదలాలి. మా మేస్త్రి కమాను మీద ఆ సందును తీగ కాడ వెంట, దండ అంచు వెంట నడిపించి, చూసేవాళ్లకు కనబడకుండా దాచాడు. పగులు ఎలాగూ వచ్చేదే అయితే ఎక్కడ రావాలో చెక్కేవాడే చెప్పాలని అతని లెక్క.

ఇక నాకున్న ఒకే ఒక ఫిర్యాదు. ఆ పనిలో చెక్కినవాడికి కూలి ఉంది, మాలు కలిపినవాళ్లకు ఉంది, రంగుకు వేరే గుత్త ఉంది. గోనె ఆరకుండా పూటపూటా బిందె తెచ్చి ఎడమ ఏనుగును తడిపింది గుడి ఊడ్చే అవ్వ. అది ఎవరూ ఆమెకు అప్పగించిన పని కాదు, ఇచ్చిన పైసా లేదు. కుడి ఏనుగుకు మళ్లీ గోనె చుట్టమని ఆమె చెప్పినా వినే మనిషి లేడు. ఎందుకంటే నీళ్లు కొట్టడం ఒక పని అని ఎవరి లెక్కలోనూ లేదు.

ఇప్పుడు మేస్త్రి పద్ధతి మార్చాడు. తర్వాతి ఊళ్లో గుత్త మాట్లాడేటప్పుడు కాగితం మీద మొదటి వరుసలోనే "నీళ్లకు మనిషి, 14 రోజులు, కూలి వేరే" అని రాయించాడు. పెద్దమనుషులు బేరమాడారు. తొండం పొడుగు తగ్గిస్తాను, లతలు తగ్గిస్తాను గానీ ఆ వరుస మాత్రం కొట్టెయ్యనన్నాడు. ఒప్పుకున్నాకే సలాకలు కొనడానికి బయల్దేరాడు.